డొల్ల చప్పుడు

మా వ్యాన్ లోపలి కొలతలు నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తాను. డ్రైవర్ వెనకనున్న అడ్డుగోడ నుంచి వెనక తలుపుల దాకా పది అడుగుల పది అంగుళాలు. అడ్డం అయిదడుగుల పది, కానీ చక్రాల మీద ఇనుప గూనులు లోపలికి పొడుచుకొచ్చిన చోట నాలుగున్నరే. ఎత్తు ఆరడుగులకు రెండంగుళాలు తక్కువ. నేను పొట్టిదాన్ని కాబట్టి నిటారుగా నిలబడగలను. మా ఆయన మెడ వంచాలి. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నా దగ్గర మెడ వంచింది ఆ ఒక్కచోటే అని నేను నలుగురిలో అంటుంటాను. ఆయన నవ్వడు.

మేముండేది కోలారు బంగారు గనుల కోసం ఒకప్పుడు కట్టిన లైన్ ఇళ్లలో. ఒకదాని నడుముకు ఒకటి అతుక్కుని వరసగా ఉండే ఇళ్లు, ఒక గది, దాని వెనక ఇరుకు వంటిల్లు. గనులు మూతపడ్డాక ఊళ్లో పని లేదు. మా ఆయన పొద్దున్నే కంపెనీ బస్సెక్కి బెంగళూరు దారిలోని నరసాపురం ఫ్యాక్టరీకి పోతాడు. నేను నాలుగేళ్లు చిన్న గూడ్స్ ఆటో నడిపి, ఆ తర్వాత ఈ పెద్ద వ్యాన్ తీసుకున్నాను. ఎండాకాలం శ్రీనివాసపురం నుంచి మామిడికాయలు, మిగతా నెలల్లో పెళ్లి వంటల పాత్రలు, ఇల్లు మారేవాళ్ల సామాను. మా ఊరి నుంచి ఇల్లు మారడమంటే బెంగళూరికే. ఒక లైన్ ఇల్లు సరిగ్గా ఒక ట్రిప్పు. మంచం, బీరువా, గ్యాస్ పొయ్యి, దేవుడి పటాలు, నీళ్ల డ్రమ్ములు, అన్నీ పోగా తలుపు దగ్గర ఒక మనిషి నిలబడేంత చోటు మిగులుతుంది.

ఆ లెక్క ముందుగా పట్టుకున్నది మా నాయన.

ఆయన ముప్పై ఏళ్లకు పైగా గనిలో టింబర్ పని చేశాడు. సొరంగంలో పైరాయి కూలకుండా దుంగలు నిలబెట్టి, మేకు లేకుండా చెక్క చీలికలతో బిగించే పని. వ్యాన్ ఇంటి ముందుకు వచ్చిన రోజు లైన్ అంతా చుట్టూ మూగింది. ఒకరు ముందు సీట్లో కూర్చుని వెనక్కి వాలారు, ఒకరు ఏసీ గాలికి మొహం పెట్టారు, ఎవరో పక్క తలుపును పదిసార్లు జరిపి మూశారు. డ్రైవర్ పక్కన ఇద్దరు కూర్చునే జంట సీటు ఉంది. మెత్తటి స్పాంజి, తల ఆనించుకోవడానికి దిండు, కాళ్లు చాపుకునేంత జాగా. అంత సుఖమైన కుర్చీ మా ఇంట్లోనే లేదు. ఇంతమంది అందులో కూర్చుని చూస్తుంటే నాయన మాత్రం వెనక తలుపుల దగ్గరికి పోయాడు.

ఆయన చేతికర్రకు కింద ఇనుప తొడుగు ఉంటుంది. దాంతో లోపలికెక్కి, తలుపు దగ్గర మొదలుపెట్టి, పైకప్పును ఒక్కొక్క అడుగూ కొట్టుకుంటూ పోయాడు. కొడతాడు, ఆగుతాడు, తల పక్కకు వంచి వింటాడు, ఇంకో అడుగు వేస్తాడు. రేకు కదా, ఎక్కడ కొట్టినా డబ్బా మోగినట్టే మోగింది. బయట జనం నవ్వడం మొదలుపెట్టారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కొత్త రంగు గీరుకుపోతుందని నేను బయట నుంచి అరిచాను. ఆయన వినిపించుకోలేదు. చివరి దాకా పోయి, తిరిగి గోడలు కొట్టుకుంటూ వచ్చి, చెమటలు కారుతుంటే తలుపు అంచు మీద కూర్చున్నాడు.

"మొత్తం డొల్లే ఉండాదమ్మా," అన్నాడు.

"వ్యాన్ నాయనా ఇది, గని కాదు."

"కొలత మాత్రం మన ఇంటి గదంత ఉండాది. ఆరుమందిమి పడుకోలేదా ఆ గదిలో?" కాసేపు ఊపిరి కూడగట్టుకుని, "ఇంగ నువ్వు పొయ్యి చూసుకోమ్మా," అన్నాడు.

నేను లోపలికి పోయి చూసుకున్నది ఎక్కడైనా గీత పడిందా అని.

గనిలో పైరాయిని కొట్టి వింటారని నాకు తెలుసు. గట్టి రాయి ఖంగుమంటుందని, ఊడిపోయేదానికి సిద్ధంగా ఉన్న రాయి డొల్లగా పలుకుతుందని లైన్‌లో పుట్టిన పిల్లలకు ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. అంతకు మించి తెలియదు. నాయన గని సంగతులు ఇంట్లో ఎత్తేవాడు కాదు. నా చిన్నప్పుడు ఒకసారి లోపల రాయి కూలి, ఆయన రెండు రోజుల తర్వాత ఆస్పత్రి నుంచి భుజానికి కట్టుతో ఇంటికొచ్చాడు. అప్పుడు కూడా అమ్మ అడిగితే అన్నం పెట్టమన్నాడు. ఆ తర్వాత ఆయన లిఫ్ట్ ఎక్కడం నేను చూడలేదు. బెంగళూరులో మా చెల్లెలి ఇంటికి నాలుగంతస్తులు దగ్గుకుంటూ మెట్లెక్కేవాడు. గనిలోకి దించే పెట్టెను, లోపలివాళ్లు కొట్టే గంట విని పైనుంచి ఒక మనిషి నడిపేవాడు. పైన గంట వినేవాడు లేని పెట్టెలో ఎట్లా ఎక్కేది అని ఒకే ఒక మాట అనేవాడు. మేము నవ్వుకునేవాళ్లం.

వ్యాన్ వచ్చిన వారానికే, "రేప్పొద్దున నేనూ వస్తానమ్మా, సుమ్నే కూర్చోని ఏం చేసేది," అన్నాడు. ఊరికే కూర్చోవడం అనే మాటను మా వాళ్లంతా కన్నడంలోనే అంటారు. గనులు మూసిన దగ్గర నుంచీ ఆయన ఊరికే కూర్చునే ఉన్నాడు. సరే రమ్మన్నాను. మరునాడు గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, షిఫ్టుకు పోయే రోజుల్లోని టిఫిన్ క్యారియర్‌లో పెరుగన్నం పెట్టించుకుని నాకంటే ముందు రోడ్డు మీద నిలబడ్డాడు. దారి పొడవునా ముందు సీట్లో రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. బేతమంగళ దగ్గర అద్దం దించమని, గాలి పీల్చుకుని, మళ్లీ ఎక్కించమన్నాడు. నాకు ఆ అరగంట బాగా గుర్తుంది. ఆయన మొహంలో పనికి పోతున్న మనిషి ఉన్నాడు.

శ్రీనివాసపురం మండీలో అంతా చెడింది. క్రేట్లు సిద్ధంగా ఉన్నాయి, హమాలీలు వరసగా నిలబడ్డారు. నాయన వెనక తలుపులు తెరిపించి తానొక్కడే లోపలికెక్కాడు. మళ్లీ కర్ర, మళ్లీ అడుగడుగునా దెబ్బ. ఎవరైనా కాలు పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. ఎండలో రేకు కాలిపోతోంది, లోపల గాలి లేదు, ఆయనకు దగ్గు తెర అందుకుంది. దగ్గు ఆగేదాకా ఆగి మళ్లీ కొట్టాడు. వెనకాల లారీలు హారన్ కొడుతున్నాయి. నేను సిగ్గుతో చచ్చిపోయాను. మండీలో ఆడ డ్రైవర్‌ని నేనొక్కదాన్నే, అప్పటికే అందరి కళ్లూ నా మీదే ఉంటాయి. కాయలు అమ్మే ఆయన నా పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు.

"ఏమక్కా, మీ నాయనకు లోపలంటే భయమేమో. పాపం, గనిలో ఏమేమి చూసినాడో. ఆయన్ను ఇంట్లోనే ఇడిసిపెట్టి వచ్చేది మేలు గదా."

ఆ మాట నేను రెండు చేతులా అందుకున్నాను. భయం. ఎంత సుళువైన మాట. చెమట, కర్ర, లిఫ్ట్, భుజానికి కట్టు, అన్నీ దానిలో ఇమిడిపోయాయి. ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పాను: నాయన్ను ఇంక తీసుకుపోకూడదు, మూసిన చోటు చూస్తే ఆయనకు పాత భయం తిరగబెడుతోంది, మన వల్ల ఆయనకు కష్టం ఎందుకు అని. చెప్తున్నప్పుడు నా గొంతులో జాలి పలికింది కూడా. నా మీద నాకే మంచి అభిప్రాయం కలిగింది.

నిజం ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి పూర్తిగా రాస్తాను. ఆయన వస్తే దారిలో మూడుసార్లు ఆపాలి. దగ్గుతాడు, ఉమ్మడానికి దిగాలి. అపార్ట్‌మెంట్ గేట్ల దగ్గర సెక్యూరిటీ వాళ్లు ఈయనెవరని అడుగుతారు. ఇవన్నీ నాకు విసుగు. విసుగని ఒప్పుకోవడానికి మొహం చెల్లక, ఆయనకు భయమని పేరు పెట్టాను.

ఆయనతో మాత్రం భయం మాట ఎత్తలేదు. "సీటు లేదు నాయనా," అన్నాను.

"సరేమా," అన్నాడు.

మరునాడు మళ్లీ అడిగాడు. "ఈ పొద్దు సీటు ఉండాదా?" లేదన్నాను, కాయలాయన మనిషి వస్తున్నాడన్నాను. ఇంకోరోజు వంటవాళ్లు కూర్చుంటారన్నాను. కొన్ని రోజులు అది నిజం, ఎక్కువ రోజులు కాదు. ఆ జంట సీటు మీద నా సంచీ, నీళ్ల సీసా పెట్టుకుని నేనొక్కదాన్నే బెంగళూరు దాకా పోయేదాన్ని. వారంలో రెండు మూడుసార్లయినా అడిగేవాడు. పళ్లు తోముకుంటూ అడిగేవాడు, లేదంటే చెప్పులు వేసుకుని గడప దగ్గర నిలబడి అడిగేవాడు. లేదనగానే మొహం ముడుచుకోవడం గాని, ఎందుకు లేదనడం గాని లేదు. చెప్పులు విడిచి లోపలికి పోయేవాడు. నాకు అది పొద్దున జరిగే పనుల్లో ఒకటిగా అలవాటైపోయింది.

ఏడాది తర్వాత వ్యాన్ లోపల లైనింగ్ వేయించాను. సామాను రేకుకు రాసుకుని బీరువాల రంగు పోతోందని జనం గొడవ పెడుతున్నారు. కోలారులో ఒక మేస్త్రి గోడలకూ పైకప్పుకూ దట్టమైన స్పాంజి అతికించి, దాని మీద ప్లైవుడ్ బిగించాడు. నేల మీద రబ్బరు చాప, నాలుగు మూలలా తాళ్లు కట్టుకోవడానికి కొక్కేలు, లోపల తెల్లటి లైటు. తలుపు మూస్తే ఇంతకు ముందున్న గలగల లేదు, ఎండాకాలం కూడా లోపల కాస్త చల్లగా ఉంది. రెండంగుళాల జాగా తగ్గింది గాని, లోపలికెక్కితే గదిలోకి వచ్చినట్టు ఉంది.

ఆ సాయంత్రం నాయన కర్ర పట్టుకుని వచ్చాడు. నేను చూస్తూ ఊరుకున్నాను. తలుపు నుంచి అడ్డుగోడ దాకా కొట్టాడు. ఈసారి చప్పుడు పొట్టిగా, గట్టిగా వచ్చింది. ఆయన రెండోసారి కూడా కొట్టి చూసుకున్నాడు. దిగి వచ్చి, "ఇప్పుడు బాగుండాదమ్మా. ఇంగ ఏమీ లేదు," అన్నాడు. ఆయన అంత తృప్తిగా మాట్లాడి ఎన్నాళ్లయిందో.

మరునాడు పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని రోడ్డు మీద నిలబడి ఉన్నాడు. అడగలేదు కూడా, నిలబడ్డాడంతే. నేను సీటు లేదన్నాను. ఆ రోజు సీటు ఖాళీగా ఉంది. ఈ మాట రాసేటప్పుడు చెయ్యి ఆగుతోంది. కానీ ఆ పొద్దున నేను ఆగలేదు, గేరు వేసి పోయాను.

ఆ తర్వాత ఆయన అడగడం తగ్గింది. ముందు వారానికి ఒకసారి, ఆ తర్వాత నెలకు ఒకసారి. గనిలో ముప్పై ఏళ్లు మింగిన దుమ్ము ఊపిరితిత్తుల్లో రాయయిపోయిందని డాక్టరు చెప్పాడు. వంటింట్లో నుంచి గడప దాకా రావడానికి మధ్యలో గోడ పట్టుకుని నిలబడేవాడు.

ఈ ఏడాది మామిడి సీజన్ అయిపోయాక, రెండు వరసల అవతల ఉన్న ఒక పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తుంటే నన్ను పిలిచారు. నాయనతో కలిసి ఒకే షిఫ్టులో చేసిన మనిషి, నేను మామా అంటాను. సామాను ఎక్కిస్తుంటే ఆయన బెంచీ మీద కూర్చుని వ్యాన్ లోపలికి చూస్తూ అడిగాడు.

"ఏం పాపా, మీ నాయన దీన్ని కొట్టి చూసినాడా?"

"కొట్టకుండా ఉంటాడా మామా. లోపలికి పోవాలంటే భయం గదా ఆయనకు."

ఆయన నా మొహంలోకి చూశాడు. నేను ఎగతాళి చేస్తున్నాననుకున్నాడు.

"భయమా? ఎవురికి?"

నేను లిఫ్ట్ సంగతి, మండీ సంగతి చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపుతూ విన్నాడు.

"ఎవురు చెప్పినారు పాపా నీకు? షిఫ్టులో మేము పన్నెండు మందిమి బయట నిలబడుకోని ఉంటే వాడొక్కడే లోపలికి పోతా ఉండె. కొట్టుకుంటా పొయ్యి, కొట్టుకుంటా వచ్చి, 'ఇంగ మీరు పోండప్పా' అనేదాకా మేము కాలు పెట్టేది లేదు. ఎవురైనా ముందు దూరితే చొక్కా పట్టి ఈడ్చేవాడు. రాయి పడితే వాడి మీద పడల్ల, అంతే. భయం ఉండేవాడు ముందు పోతాడా? వాడు కొట్టేది వాడి కోసరం కాదు, ఎనకాల వచ్చేవాళ్ల కోసరం."

"ఆ రాయి కూలిన దినం మామా?"

"వాడు బయటికి వచ్చేసి ఉండె. ఇద్దురు లోపల నిల్చిపోతే మళ్లా పోయినాడు. నీకు తెల్దా?"

నాకు తెలియదు. హమాలీ బీరువా ఎటు పెట్టాలని రెండుసార్లు అడిగితే చేత్తో ఎటో చూపించాను. ఆ వ్యాన్‌లోకి నాయన తర్వాత ఎక్కింది ఎవరు? రోజుకు ఇరవైసార్లు ఎక్కి దిగింది నేను. మండీలో చెయ్యి అడ్డం పెట్టి ఆపింది హమాలీలనూ నన్నూ. 'ఇంగ నువ్వు పొయ్యి చూసుకోమ్మా' అని, పన్నెండు మందికి చెప్పిన మాటే నాకూ చెప్పాడు. నేను రంగు గీసుకుపోయిందేమోనని వెతుక్కున్నాను.

బెంగళూరులో సామాను దించి, మధ్యాహ్నం తిరిగి వస్తూ దారిలో ఎక్కడా ఆగలేదు. పక్క సీటు వైపు చూడకుండా నడపడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. ఇంటికొచ్చేసరికి నాయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. నేను చెప్పులు కూడా విడవలేదు.

"సీటు ఉండాది నాయనా. ఇప్పుడే పోదాం, బేతమంగళ దాకా పొయ్యి వద్దాం."

ఆయన చొక్కా అందివ్వమన్నాడు. ఇస్త్రీ లేదది. మా ఆయన ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చాడు. ఇద్దరం చెరోవైపు పట్టుకుని రోడ్డు దాకా నడిపించాం. మధ్యలో మూడుసార్లు ఆగాం. మా వ్యాన్‌లో లోపంటూ ఉంటే ముందు మెట్టు ఎత్తు, మోకాలి పైదాకా ఉంటుంది. ఆయన చెయ్యి పైకెత్తి తలుపు పక్కనున్న పిడి పట్టుకున్నాడు, కాలు మెట్టు మీద పెట్టాడు, అక్కడే ఆగిపోయాడు. ఊపిరి అందలేదు. మేము ఎత్తబోతే వద్దని తల ఊపాడు. రెండోసారి ప్రయత్నించాడు. మూడోసారి మేమే వద్దన్నాం.

గడప మీద కూర్చోబెట్టి నీళ్లిచ్చాను. ఊపిరి కుదుటపడేదాకా వీపు రాస్తూ కూర్చున్నాను. ఇంక ఆపుకోలేక చెప్పేశాను.

"నాయనా, ఇన్నాళ్లూ అబద్ధం చెప్పినా. సీటు ఖాళీగానే ఉండె."

"తెలుసమ్మా. నువ్వు మలుపు తిరిగేటప్పుడు కనిపిస్తా ఉండె గదా."

ఆయన గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

"తెలిసీ ఎందుకు అడిగినావు మరి?"

ఆయన గ్లాసు నా చేతికిచ్చి, మూతి తుడుచుకున్నాడు.

"ఒక దినమన్నా ఉండాదంటావేమో అని."